టెలిఫోను చిట్టా

1998 నాటి మాట. ఎస్‌టీడీ బిల్లు పెరిగిందని మా ఆఫీసువాళ్లు రాత్రి కాపలా తాతమీద నేరం మోపి, జీతంలో కోత వేస్తామన్నారు.

మా టెలిఫోను ఎక్స్‌ఛేంజి పెట్టెలో సీరియల్ కార్డని వొకటుంది. కాల్ ముగియగానే ఏ గది ఫోను, ఏ నంబరుకి, ఎప్పుడు, ఎంతసేపు అన్నదంతా బిట్లుగా విడగొట్టి, వొక్క తీగమీద చీమలబారులా ప్రింటరుకి పంపుతుంది. ప్రతి అక్షరానికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు. అయితే మా ప్రింటరు కొట్టేదంతా అర్థంలేని అక్షరాలే! చూద్దును గదా, కార్డు సెకనుకు 9600 బిట్లు పంపుతుంటే, ప్రింటరు 1200 లెక్కన చదువుతోంది. రెంటికీ వొకే వేగం కుదిర్చాను.

వారం తిరిగేసరికి సంగతి బయటపడింది. ఢిల్లీకి ఫోన్లన్నీ మేనేజరుగారి గదినుంచి, సాయంత్రం ఆరున్నరకి! తాత డ్యూటీకెక్కేది తొమ్మిదింటికి. ఆ కాగితం మేనేజరుగారి బల్లమీదే పెట్టివచ్చాను. కోత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.