విమానాల పిచ్చి: మందా, జబ్బా?

పాల్వంచ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

"డాక్టరుగారికి నమస్కారాలు. మావారికి యాభై నాలుగేళ్ళు. బి.పి. ఉంది, రెండేళ్ళుగా సుగరు కూడా వచ్చింది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదులో చదువుకుంటున్న మా అబ్బాయి ఇంటికి వచ్చేశాడు. ఏమీ తోచక తండ్రీ కొడుకులు థర్మోకోల్ అట్టలు కోసి చిన్న చిన్న విమానాలు చేయడం మొదలుపెట్టారు. అప్పట్లో నాకూ ముచ్చటగానే ఉండేది. 2021 మే నెలలో మా బావగారు కరోనాతో పోయారు. ఆఖరి చూపుకి కూడా నోచుకోలేదు. తర్వాత అబ్బాయి ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. ఈయన మాత్రం విమానాలు మానలేదు. ఆఫీసు నుంచి రాగానే ఆ గదిలో దూరతారు. ఆదివారం తెల్లవారకుండానే పొలాల వైపు పోతారు. అన్నగారి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతారు. ఆ జిగురు వాసనకి నాకు తలనొప్పి. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇరుగుపొరుగు నవ్వుతున్నారు. ఇది నిజంగా జబ్బేనా? మాన్పించమంటారా?"

అమ్మా, మీ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పాలంటే: విమానాలు జబ్బు కాదు, మాన్పించవద్దు. కానీ మీ ఉత్తరంలో విమానాల కంటే పెద్ద సంగతి ఒకటి ఉంది. దాని దగ్గరికి నెమ్మదిగా వద్దాం. లాక్‌డౌన్లో మొదలుపెట్టిన వ్యాపకాన్ని ఇప్పటికీ సాగిస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, ఈ జవాబు అందరికీ పనికొస్తుంది.

మనసుకి ఏమైంది?

2020 మార్చి 25న దేశమంతా తలుపులు వేసుకుంది. మొదట 21 రోజులన్నారు. పొడిగిస్తూ పొడిగిస్తూ మే నెలాఖరు దాకా తీసుకువెళ్ళారు. భద్రాచలంలో ఆ ఏడు ఏప్రిల్ 2న సీతారాముల కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. మరుసటి ఏడూ అంతే. మిథిలా స్టేడియం నిండా జనాన్ని చూసి పెరిగిన ఖమ్మం, కొత్తగూడెం వాళ్ళకి ఆ ఒక్క సంగతి చాలు, అవి ఎలాంటి రోజులో గుర్తు చేయడానికి.

మనిషి శరీరం లోపల ఒక గడియారం ఉంటుంది. లేవడం, స్నానం, ఆఫీసు, సాయంత్రం బజారు... ఇవన్నీ దానికి తాళం చెవులు. అవన్నీ ఒక్కసారిగా పోతే పగలు కునుకు, రాత్రి జాగారం మొదలవుతాయి. దానికి తోడు పొద్దస్తమానం టి.వి.లో చావుల లెక్కలు. చేయడానికి పని లేదు, భయపడడానికి మాత్రం కావలసినంత ఉంది. ఈ రెండూ కలిస్తే ఆందోళన, చిరాకు, గుండెదడ, నిద్రలేమి రాక తప్పదు.

మీవారు, మీ అబ్బాయి ఏం చేశారో చూడండి. ఒక పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసుకున్నారు. ఇవాళ రెక్క కోయాలి, రేపు తోక అతికించాలి, ఎల్లుండి తూకం చూడాలి. ప్రతి రోజుకీ ఒక మొదలు, ఒక ముగింపు వచ్చాయి. మనసు కుదుటపడ్డాక పని చేద్దామని కూర్చుంటే అది కుదుటపడదు. పనిలో దిగితేనే కుదుటపడుతుంది. మనసు కుంగినవాళ్ళకి ఏ పూట ఏ పని చేయాలో రాసి ఇచ్చి, ముందు చేతులకి పని పెట్టే చికిత్స ఒకటి ఉంది. మీ ఇంట్లో డాక్టరు లేకుండానే ఆ చికిత్స జరిగిపోయింది.

చిక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చదరంగం ఆడేవాళ్ళను, కొండలెక్కేవాళ్ళను, ఆపరేషన్లు చేసే సర్జన్లను పరిశీలించి 1975లో ఒక పుస్తకం రాశారు. పని మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే బెదురు. రెండింటికీ మధ్య ఉన్న పనిలో మనిషి తననే మరిచిపోతాడని ఆయన చెప్పిన మాట. విమానం సరిగ్గా అలాంటి పని. కాస్త ఎగురుతుంది, కాస్త పడుతుంది. ముక్కు పైకెత్తి ఆగి కూలిపోతే ముక్కు దగ్గర కాస్త బరువు పెంచాలి. నేరుగా నేలకి గుచ్చుకుంటే తగ్గించాలి. రెక్క వెడల్పులో ముందు నుంచి మూడో వంతు లోపల వేళ్ళ మీద నిలబెడితే అటూ ఇటూ వాలకుండా ఉండాలి. ఇంత లెక్క చూస్తున్న మనిషి తలలో టి.వి. వార్తలకి చోటెక్కడిది?

ఇంకొక మేలు కూడా ఉంది. విదేశాలలో ఇలాంటి విమానాలు చేసే బాల్సా కర్ర ఆ రోజుల్లో తెప్పించుకునే దారి లేదు. పార్సిళ్ళు ఆగిపోయాయి. అంచేత ఉన్నదానితోనే సర్దుకోవాల్సి వచ్చింది. టి.వి. పెట్టెలో వచ్చిన థర్మోకోల్, చీపురు పుల్లలు, అగరుబత్తి పుల్లలు, వెదురు బద్దలు... భద్రాచలం చుట్టుపక్కల వెదురుకేం కొదవ? లేనిదాని గురించి బెంగపడడం మాని ఉన్నదానితో పని జరుపుకోవడం ఆరోగ్యానికి మొదటి పాఠం.

ఇంట్లో చిక్కుకున్న మరో మనిషి

నవ్వే ఇరుగుపొరుగుకి ఈ కథ చెప్పండి. అమెరికాలో విల్బర్ రైట్ అనే కుర్రవాడు 1880ల మధ్యలో మంచు మీద హాకీ ఆడుతుంటే ముఖానికి కర్ర తగిలి పళ్ళు ఊడాయి. పెద్ద చదువుకి వెళ్ళే ఆలోచన మానుకున్నాడు. మూడేళ్ళకి పైగా ఇంట్లోనే ఉండిపోయాడు. క్షయతో మంచం పట్టిన తల్లికి సేవ చేస్తూ, నాన్నగారి అలమారలోని పుస్తకాలు చదువుతూ గడిపాడు. 1889లో తల్లి పోయింది. 1896లో తమ్ముడు ఆర్విల్‌కి టైఫాయిడ్ వచ్చి వారాల తరబడి లేవలేదు. ఆ రోజుల్లోనే, గాలిలో తేలే యంత్రాలు చేసిన జర్మనీ దేశస్థుడు లిలియెంతాల్ పడి చనిపోయిన వార్త విల్బర్ చదివాడు. చిన్నప్పుడు 1878లో తండ్రి తెచ్చి ఇచ్చిన, రబ్బరు పురితో ఎగిరే వెదురు బొమ్మ మీద ఉన్న ఆసక్తి మళ్ళీ లేచింది. తర్వాత 1903 డిసెంబరు 17న ఏమైందో మనందరికీ తెలుసు.

మీవారు విమానం కనిపెట్టాలని నేను అనడం లేదు. గాయం, రోగం, చావు ఉన్న ఇంట్లో మనిషి చేతికి దొరికిన పని అతన్ని నిలబెడుతుందని మాత్రమే చెబుతున్నాను.

గదిలో జాగ్రత్తలు

మందు ఎంత మంచిదైనా మోతాదు, పథ్యం ఉంటాయి కదా.

మీ తలనొప్పికి కారణం బహుశా ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు. కిటికీలు తెరిచి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టుకుని వాడమనండి. థర్మోకోల్‌కి నీళ్ళలో కలిసే తెల్ల జిగురు చాలు. ఆరడానికి ఆలస్యమైనా వాసన ఉండదు. క్షణంలో అంటుకునే జిగురు చాలా రకాల థర్మోకోల్‌ని కరిగిస్తుంది కూడా. అది వేళ్ళకి అంటుకుంటే లాగవద్దు. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి నెమ్మదిగా విడదీయాలి. కంట్లో పడితే నీళ్ళతో కడిగి, రెప్పలు బలవంతంగా తెరవకుండా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నూలు గుడ్డతో దాన్ని తుడవకండి. ఆ రెండూ కలిస్తే వేడి పుట్టి చర్మం కాలుతుంది.

వేడి తీగతో థర్మోకోల్ కోస్తే వచ్చే పొగ పీల్చవద్దు. వరండాలో కోయడం మేలు. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకి మాస్కు కట్టుకోవాలి. కరోనా నాటి మాస్కులు ఇంట్లో ఉండే ఉంటాయి.

మోటారు విమానాలకి వాడే లిథియం బ్యాటరీల విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. చార్జింగు పెట్టి నిద్రపోకూడదు. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడకూడదు. గచ్చు మీద, పరుపులకీ కర్టెన్లకీ దూరంగా చార్జింగు పెట్టాలి. పక్కన బక్కెట్టెడు ఇసుక ఉంచండి. మోటారు పరీక్షించేటప్పుడు ముందుగా పంకా రెక్క తీసేయాలి. చాలామంది వేళ్ళు తెగేది అక్కడే. తెగితే ధారగా నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. ధనుర్వాతం సూది సంగతి డాక్టరుని అడగాలి.

ఇంటికి పసిపిల్లలు వస్తే బొత్తాం బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు అందకుండా దాచండి. బొత్తాం బ్యాటరీ మింగితే రెండు గంటల్లోపే ఆహారనాళం కాలిపోవచ్చు. పొద్దున చూద్దాంలే అనుకోకూడదు.

మీవారి వయసులో చత్వారం సహజం. దగ్గరి పనికి సరైన అద్దాలు లేకపోతే తలనొప్పి, మెడనొప్పి తప్పవు. ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి దూరంగా చూడమనండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయమనండి.

పొలంలో జాగ్రత్తలు

తెల్లవారుజామున గాలి నిలకడగా ఉంటుంది. విమానానికీ మంచిదే, మనిషికీ మంచిదే. పడిన విమానం కోసం అటూ ఇటూ తిరగడంలో ఆయనకి తెలియకుండానే బోలెడంత నడక. సుగరుకి, బి.పి.కి అంతకన్నా ఏం కావాలి? కానీ పరగడుపున వెళ్ళకూడదు. సుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఏదైనా తిని వెళ్ళాలి. జేబులో బెల్లం ముక్కో గ్లూకోజో ఉండాలి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే నోట్లో వేసుకోవాలి.

కొత్తగూడెం, భద్రాచలం ఎండల సంగతి మీకు చెప్పేదేముంది? వేసవిలో తొమ్మిది గంటలకల్లా ఇల్లు చేరాలి. టోపీ, నీళ్ళు తప్పనిసరి. సూర్యుడికి ఎదురుగా విమానాన్ని ఎగరేసి చూస్తే కళ్ళకి ప్రమాదం. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోవాలి.

కోసిన వరి మళ్ళలో ఎలుకలుంటాయి. ఎలుకలున్నచోట పాములుంటాయి. విమానం తుప్పల్లో పడితే చెయ్యి పెట్టకూడదు, కర్రతో కదిలించి చూడాలి. సుగరు ఉన్నవాళ్ళు వట్టి కాళ్ళతో పొలంలో దిగనే కూడదు. బూట్లు ఉండాలి. పాము కరిస్తే గట్టిగా తాడు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అడవి అంచున సాయంత్రాలు దోమలు ఎక్కువ. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి నిండు చేతుల చొక్కా వేసుకోవాలి.

మీ ఊళ్ళో కరెంటు స్తంభాలకి, పెద్ద లైన్లకి లోటు లేదు. తీగల మీద చిక్కుకున్న విమానాన్ని కర్రతో లాగబోవడం కంటే ప్రమాదం లేదు. పోనివ్వండి, ఇంకొకటి చేసుకుంటారు. రిమోటుతో నడిచేవాటికి 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు ఉన్నాయి. ఎక్కడ ఎగరేయవచ్చో ప్రభుత్వంవారి 'డిజిటల్ స్కై' పటంలో చూసుకోవాలి. కిన్నెరసాని అభయారణ్యం వైపు ఆలోచనే వద్దు. సరిహద్దు ప్రాంతం కనుక ముందుగా పోలీసు స్టేషనులో ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

అసలు సంగతి

ఇక మీరు ఉత్తరం మధ్యలో రెండు వాక్యాల్లో రాసి దాటేసిన విషయం. అన్నగారు పోయారు. ఆఖరి చూపు లేదు. ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతారు.

మన ఇళ్ళలో చావు వస్తే పదిమంది వస్తారు, ఏడుస్తారు, పదకొండో రోజు దాకా పోయినవాళ్ళ మాటే చెప్పుకుంటారు. అదంతా ఉత్త తంతు కాదు. దుఃఖం బయటికి పోయే దారి. 2021లో ఎందరికో ఆ దారి మూసుకుపోయింది. లోపల ఉండిపోయిన దుఃఖం ఆరు నెలలు, సంవత్సరం దాటినా తగ్గక మనిషి బతుకునే ఆపేస్తుంటే, దాన్ని ఇప్పుడు వైద్యశాస్త్రం చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తోంది.

మీవారికి అది ఉందని ఉత్తరం చూసి నేను చెప్పలేను. ఆఫీసుకి వెళుతున్నారు, ఆదివారం ఉత్సాహంగా బయలుదేరుతున్నారు. ఇవి మంచి గుర్తులే. కానీ చేతులు పనిలో ఉన్నంతసేపే మనసు ఊరుకుంటోందేమో చూడాలి. ఈ లక్షణాలు కనిపెట్టండి: రెండు వారాలకి పైగా సరిగా నిద్ర లేకపోవడం, తిండి తగ్గి చిక్కిపోవడం, తాగుడు మొదలుపెట్టడం, బి.పి. మాత్రలు మానేయడం, విమానాల మీద కూడా ఆసక్తి పోయి గదిలో ఊరికే కూర్చోవడం, బతికి ఏం లాభం అనే మాటలు. వీటిలో ఏది కనిపించినా మానసిక వైద్యుణ్ణి కలవాలి. చివరిది కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు, ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వంవారి 'టెలి మానస్' 14416 నంబరుకి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఇవేవీ లేకపోతే చికిత్స మీ చేతిలోనే ఉంది. గది తలుపు దగ్గర నిలబడి "అన్నం చల్లారిపోతోంది" అని కేకేయడం మాని, ఒక సాయంత్రం లోపలికి వెళ్ళి కూర్చోండి. రెక్క అతికించాక జిగురు పట్టేదాకా ఎవరో ఒకరు కదలకుండా పట్టుకోవాలి. మీ అబ్బాయి వెళ్ళిపోయాక ఆ రెండో మనిషి లేడు. మీరు పట్టుకోండి. ఏమీ అడగవద్దు. ఎదురెదురుగా కూర్చుని "మనసులో మాట చెప్పండి" అంటే మగవాళ్ళు చాలామంది చెప్పలేరు. చేతులు పనిలో ఉన్నప్పుడు, చూపు పని మీద ఉన్నప్పుడు మాట దానంతట అదే వస్తుంది. మొదటి రోజు రాకపోవచ్చు, పదో రోజు రావచ్చు. వచ్చినప్పుడు "పోనీలెండి, ఇప్పుడెందుకు" అని మాత్రం అనకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. 2021లోనే రావలసిన ఏడుపనుకోండి.

అబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు బావగారి పిల్లల్ని కూడా పిలిచి, అందరూ కలిసి ఒక ఆదివారం ఆ పొలానికి వెళ్ళండి. మీరూ వెళ్ళండి. పులిహోర కట్టుకుని మరీ వెళ్ళండి.

ఇరుగుపొరుగు సంగతంటారా? వాళ్ళ పిల్లలకి ఒక థర్మోకోల్ విమానం చేసి ఇమ్మనండి. వారం తిరిగేసరికి నవ్వడం మాని జిగురు ఏ కొట్లో దొరుకుతుందని అడుగుతారు.