చుక్కల చదువు కావాలంటోంది!

"మా రెండోది ఆస్ట్రోఫిజిక్సు చదువుతానంటోందండీ. మీరైనా కాస్త చెప్పి చూడండి" అంది మొన్న ఫోన్లో కొండాపూర్‌లో ఉండే ఓ స్నేహితురాలు. ఆ గొంతులో దిగులు వింటే పిల్ల ఎవరితోనో లేచిపోయిందేమో అనుకోవాలి! తీరా అడిగితే విషయం ఇదీ. డిగ్రీలో ఫిజిక్సు, లెక్కలు. మార్కులూ మంచివే. ఎమ్మెస్సీలో ఖగోళ భౌతికశాస్త్రం తీసుకుంటుందట. వీలైతే ఒక ఏడాది బయటి దేశంలో ఉండి చదువుకుని వస్తుందట. పక్కింటావిడ అప్పుడే వాకబు చేసేసింది కూడా: "చుక్కల చదువేమిటి వదినా, జాతకాలు చెబుతుందా?"

నవ్వొచ్చింది. కానీ స్నేహితురాలి అసలు భయం అది కాదు. "రాత్రంతా ఎక్కడో కొండమీద టెలిస్కోపు దగ్గర కూర్చోవాలట. ఆడపిల్ల కదా!" అంది.

ఈవిడ పెద్దమ్మాయి హైటెక్ సిటీలో మూడేళ్లు రాత్రి షిఫ్టు చేసింది. సాయంత్రం ఏడింటికి క్యాబ్ వచ్చేది, తెల్లవారుజామున దింపేది. మొదట్లో అమ్మానాన్నలిద్దరికీ నిద్ర పట్టేది కాదు. తర్వాత అలవాటైపోయింది. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచీ మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో జరగలేదు ఇది? అమెరికా వాళ్ల పగటి కోసం మన పిల్లలు రాత్రిళ్లు మేలుకుంటే సరేనన్నాం. తన చదువు కోసం మేలుకుంటానంటే మాత్రం ఆడపిల్ల అన్న మాట గుర్తొస్తోంది. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

ఈ జబ్బు మనకొక్కరికే కాదు లెండి. అమెరికాలో మౌంట్ విల్సన్ టెలిస్కోపు మీద పనిచెయ్యడానికి మార్గరెట్ బర్బిడ్జ్ తన భర్త పేరుతో సమయం తీసుకోవలసి వచ్చింది. దరఖాస్తు ఆయనది, పరిశీలన ఈవిడది! పాలోమార్ అబ్జర్వేటరీలో అధికారికంగా ఒక స్త్రీకి పరిశీలనకు అనుమతి దొరికింది 1965లో. ఆమె వేరా రూబిన్. ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేదని సాకు చెబితే, ఆమె కాగితాన్ని లంగాలా కత్తిరించి తలుపు మీదున్న మగబొమ్మకి అతికించి, "ఇదిగో, ఇప్పుడుంది" అందట. గెలాక్సీల్లో కంటికి కనిపించని పదార్థం ఉందని లోకాన్ని నమ్మించిన పరిశోధన ఆవిడదే.

మన ఊరికీ ఆకాశం కొత్తది కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని లక్షల నక్షత్రాలకు పటాలు గీసిన అంతర్జాతీయ పనిలో హైదరాబాదుకూ వాటా ఉంది. ఊరి దీపాలు పెరిగి చుక్కలు మసకబారాక, 48 అంగుళాల పెద్ద టెలిస్కోపును 1968లో రంగారెడ్డి జిల్లాలోని జాపాల-రంగాపూర్‌లో పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 గుర్తుందా? సంపూర్ణ సూర్యగ్రహణం. తలుపులు బిగించుకుని, గర్భిణులను కదలనివ్వకుండా పడుకోబెట్టిన ఇళ్లెన్నో! అదే మధ్యాహ్నం రంగాపూర్‌లో శాస్త్రజ్ఞులు ఆ రెండు నిమిషాల పైచిలుకు చీకటి కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశారు. ఆనాడు గదిలో ఉండిపోయిన అమ్మల మనవరాళ్లే ఈనాడు ఈ చదువు అడుగుతున్నది.

బయటి దేశం సంగతీ అంతే. వైనూ బప్పు తండ్రి నిజామియాలోనే పనిచేసేవారు. నిజాం కాలేజీలో చదివిన ఆ కుర్రాడు హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన వేతనంతో 1949లో హార్వర్డ్ వెళ్లాడు. వెళ్లిన కొన్ని నెలలకే కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. తర్వాత భారతీయ ఖగోళశాస్త్రానికే పెద్దదిక్కయ్యాడు.

సరే, డబ్బు? మా స్నేహితురాలి కొడుకు కంప్యూటర్ ఎమ్మెస్సుకు అమెరికా వెళ్లినప్పుడు ఇల్లు తాకట్టు పెట్టారు. ఎవరూ నోరెత్తలేదు. నిజానికి చుక్కల చదువుకు అంత అప్పు అవసరం పడకపోవచ్చు. అమెరికాలో ఫిజిక్సు పీహెచ్‌డీ వాళ్లకు సాధారణంగా ఫీజు రద్దుచేసి, పాఠం చెప్పినందుకో పరిశోధన చేసినందుకో నెలనెలా భృతి ఇస్తారు. యూరప్‌లో రెండు మూడు దేశాల్లో కలిపి చదివే ఎరాస్మస్ ముండస్ కోర్సులకు వేతనాలున్నాయి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బోధన రుసుము లేదు. కాకపోతే ఖర్చులకని ఏడాదికి సుమారు 12 వేల యూరోలు బ్యాంకులో చూపించాలి, అది చిన్న మొత్తమేమీ కాదు. ఇక్కడే పీహెచ్‌డీ చేస్తూ ఒక ఏడాది బ్రిటన్‌లో పనిచేసి రావడానికి కామన్వెల్త్ స్కాలర్‌షిప్పు ఉంది. పల్సార్లను 1967లో మొదట గుర్తించిన జోసెలిన్ బెల్‌ను కాదని 1974లో ఆమె గురువుకు నోబెల్ ఇచ్చారు. ఆవిడ ఏం చేశారు? 2018లో తనకొచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతి మొత్తాన్నీ ఫిజిక్సులో వెనకబడ్డ వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం ఇచ్చేశారు. అందులో ఆడపిల్లలూ ఉన్నారు.

అన్నీ తియ్యగా చెప్పి ఊరుకోకూడదు. ఇందులో ఉద్యోగాలు తక్కువ. ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత రెండేళ్లకోసారి ఊరు మారే తాత్కాలిక పోస్టులు. ముప్పై దాటినా స్థిరపడలేదనిపించవచ్చు. ఆ మాట పిల్లతో దాచకుండా మాట్లాడండి. అయితే ఈ చదువులో సగం కంప్యూటరు మీదే. టెలిస్కోపు పంపే కొండంత సమాచారాన్ని ప్రోగ్రాములు రాసి జల్లెడ పట్టాలి. రేపు మనసు మారితే అదే నేర్పుతో హైటెక్ సిటీలో ఉద్యోగం వెతుక్కోవచ్చు, చదివింది ఎక్కడికీ పోదు.

పైగా పని మన గడపలోనే ఉంది. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియాలో ఖగోళశాస్త్ర విభాగం ఉన్నాయి. కందిలోని ఐఐటీ వాళ్లూ ఉన్న భారతీయ బృందం, పుణె దగ్గరి రేడియో టెలిస్కోపుతో పల్సార్లను ఏళ్లతరబడి గమనించి, విశ్వమంతా అలుముకున్న గురుత్వ తరంగాల ఆనవాళ్లను 2023 జూన్‌లో యూరప్ వాళ్లతో కలిసి ప్రకటించింది. మన పొరుగునే మరఠ్వాడాలోని హింగోలిలో గురుత్వ తరంగాల అబ్జర్వేటరీ కట్టడానికి అదే ఏడాది కేంద్రం ఆమోదం తెలిపింది.

ఇదంతా చెబితే స్నేహితురాలు ఊఁ కొట్టింది. "అంతా బాగానే ఉంది, పెళ్లి మాటేమిటి?" అంది చివరికి. పెద్దబ్బాయి ఎమ్మెస్సుకు వెళ్లేటప్పుడు ఈ ప్రశ్న అడిగావా అన్నాను. ఫోను పెట్టేసింది. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

నిన్న సాయంత్రం మళ్లీ చేసింది. "ఏమండీ, జర్మనీలో చలి మరీ ఎక్కువా? ఇక్కడి స్వెట్టర్లు సరిపోతాయంటారా?"