గొర్రెపిల్ల మూత్రపిండం చెప్పిన సంగతి

సూరత్ నగరానికి వర్తకం వలన ఎంత ఖ్యాతి వచ్చిందో, భూతదయ వలన కూడా అంత ఖ్యాతి వచ్చింది. పదిహేడవ శతాబ్దం చివర ఆ నగరాన్ని చూచిన జాన్ ఓవింగ్టన్ అనే ఆంగ్ల మతాచార్యుడు, ఆవులకు, గుర్రాలకు, మేకలకు, కుక్కలకు అక్కడ ఆసుపత్రి ఉన్నదని 1696లో ప్రచురించిన తన గ్రంథంలో వ్రాశాడు. మన నేత కుటుంబాలెన్నో బ్రతుకుతెరువు కోసం వెళ్లి స్థిరపడిన ఊరు కూడా అదే. అటువంటి ఊరిలో ఎవరైనా, "పసివారి జబ్బు తెలుసుకోవడానికి మూగజీవిని బాధించవచ్చునా?" అని అడిగితే తేలికగా జవాబు చెప్పలేము. ఒక్క వ్యాధిని తీసుకొని ఆలోచిద్దాం.

కొందరు శిశువులకు గర్భంలో ఉండగానే మూత్రం పారే దారిలో అడ్డు ఏర్పడుతుంది. మగశిశువుల మూత్రమార్గంలో పలుచని పొర అడ్డుగా పెరగడం వీటిలో మిక్కిలి ప్రమాదకరమైనది. సుమారు ఐదు నుండి ఎనిమిది వేలమంది మగశిశువులలో ఒకరికి ఇది కనిపిస్తుంది. మూత్రం వెనుకకు తన్నడంతో మూత్రపిండాలు ఉబ్బుతాయి. నెలలు నిండేకొద్దీ ఉమ్మనీటిలో అధికభాగం శిశువు మూత్రమే కనుక ఆ నీరు తగ్గి, ఊపిరితిత్తులు కూడా సరిగా ఎదగవు.

ఈ చెరుపు ఎప్పుడు మొదలవుతుంది? అడ్డు తీసివేస్తే నయమవుతుందా? తల్లి కడుపులోని బిడ్డకు అడ్డు కల్పించి పరీక్షించడం ఊహకైనా అందని పని. 1971లో బెక్ అనే పరిశోధకుడు గర్భంలోని గొర్రెపిల్లలపై దీనిని పరిశీలించాడు. గర్భకాలపు తొలి సగంలో అడ్డు ఏర్పడితే మూత్రపిండం నిర్మాణమే వికృతమైంది. ఆలస్యంగా ఏర్పడితే అది ఉబ్బింది గాని, నిర్మాణం చాలవరకు నిలిచింది. తరువాత శాన్ ఫ్రాన్సిస్కోలో మైకేల్ హారిసన్ బృందం, గర్భంలోనే అడ్డు తొలగించిన గొర్రెపిల్లలకు ఊపిరితిత్తులు మెరుగుగా ఎదిగినట్లు చూపింది. ఆ కృషి ఆధారంగానే 1981లో ఈ వ్యాధి ఉన్న మానవ గర్భస్థ శిశువుకు శస్త్రచికిత్స చేశారు.

గొర్రెయే ఎందుకు? మనిషికివలెనే గొర్రెకు కూడా మూత్రపిండంలోని వడపోత భాగాలైన నెఫ్రాన్లు పుట్టకముందే తయారవుతాయి. ఎలుకకు అవి పుట్టిన తరువాత కూడా కొన్నిరోజులు తయారవుతూనే ఉంటాయి. అందుచేత అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మూత్రపిండం, కడుపులోని మానవశిశువు మూత్రపిండంతో పోల్చదగినది. అమెరికాలో రాబర్ట్ షెవాలియర్ ఎలుకపిల్లలపై చేసిన పరిశోధనలు ఒక కఠినసత్యాన్ని తెలిపాయి: అడ్డు తీసివేస్తే చెరుపు తగ్గుతుంది, కాని పోయిన నెఫ్రాన్లు తిరిగిరావు.

ఎలుకకు వర్తించినదంతా మనిషికి వర్తించదు. గొర్రెపిల్లకు అడ్డు ఒక్కరోజులో కల్పించినది; బిడ్డకు అది వారాల తరబడి పెరిగినది. బ్రిటన్ ప్రధాన కేంద్రంగా 31 మంది గర్భిణులతో జరిగిన పరిశీలన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. గర్భంలోనే గొట్టం అమర్చి మూత్రాన్ని బయటకు మళ్లించినప్పుడు బ్రతికేవారు పెరగవచ్చునని తోచింది. అయినా రెండేళ్ల వయసుకు మూత్రపిండాలు మామూలుగా పనిచేస్తున్న పిల్లలు ఇద్దరే మిగిలారు.

మన దేశంలో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రయోగాలను నిషేధించలేదు, విచ్చలవిడిగానూ వదలలేదు. వీలైనచోట జంతుప్రయోగం మానుకోవాలనీ, చిన్న జంతువుతో తేలే విషయానికి పెద్దదానిని వాడరాదనీ ఆదేశించింది. వేరే దారి లేని ప్రశ్నకు మాత్రమే జంతువును వాడవలెను. అప్పుడు కూడా నొప్పి తెలియకుండా, వీలైనంత తక్కువ సంఖ్యలో వాడవలెను. భూతదయకూ వైద్యానికీ పొత్తు కుదిరేది ఇక్కడే.

అంత మూల్యం చెల్లించి తెలుసుకున్నది వృథా కారాదు. గర్భిణులకు పద్దెనిమిది, ఇరవై వారాల మధ్య చేసే స్కానింగును నిర్లక్ష్యం చేయరాదు. ఒకవైపు మూత్రపిండం ఉబ్బినట్లు కనిపించినంతనే హడలిపోనక్కరలేదు. వాటిలో చాలా భాగం శస్త్రచికిత్స లేకుండానే సర్దుకుంటాయి. కాని పుట్టిన మగబిడ్డకు మూత్రం ధారగా రాక బొట్లు బొట్లుగా పడుతున్నా, పొత్తికడుపు ఉబ్బివున్నా, కారణం తెలియని జ్వరం వచ్చినా, ఆ రోజే వైద్యునికి చూపించాలి. పోయిన నెఫ్రాన్లను ఏ వైద్యుడూ తిరిగి తేలేడు. ఉన్నవాటిని కాపాడే అవకాశం మాత్రం ఉంటుంది.