కన్నీటిలో మందు ఉంది, అయినా...

పిల్లలూ!

మా పల్నాడులో వరికోతలు మొదలైతే బడిలో హాజరు తగ్గుతుంది. కొన్నేళ్ల క్రితం అలాంటి రోజుల్లోనే నా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు అమ్మానాన్నలకు సాయంగా పొలం వెళ్లాడు. వరి కంకి కంట్లో గీసుకుంది. మొదటిరోజు నందివర్ధనం పూల రసం పిండారు. మర్నాడు పక్కింటి బాలింతను అడిగి చనుబాలు వేయించారు. మూడోనాడు దుకాణంలో ఏవో చుక్కలమందు కొని వేశారు. పదోరోజున ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికి నల్లగుడ్డు మీద పుండు పెద్దదయింది. పుండు మానింది గాని, కంట్లో పువ్వు మిగిలిపోయింది. ఆ కంటికి చూపు పోయింది.

ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, కన్నీళ్లలో క్రిములను చంపే ఎంజైము ఉందని మీరే చెప్పారు. చనుబాలలో కూడా అది ఉందట కదా! మరి వేస్తే తప్పేమిటి?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు మీరందరూ తెలుసుకోవాలి.

ఆ ఎంజైము పేరు లైసోజైము. 1921లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ జలుబు చేసినప్పుడు తన చీమిడిని తీసి, బాక్టీరియా పెరుగుతున్న గాజుపళ్లెంలో వేసి చూశాడు. అది పడినచోట బాక్టీరియా కరిగిపోయింది. తరువాత తోటివారి కళ్లలో నిమ్మతొక్క పిండి కన్నీరు రప్పించి పరీక్షిస్తే, అందులోనూ అదే గుణం కనిపించింది. 1922లో ఆ విషయం ప్రకటించాడు. 1928లో పెనిసిలిన్‌ను కనుగొన్నదీ ఆయనే.

ఇంటికి ప్రహరీ ఉన్నట్లే బాక్టీరియాకు చక్కెర గొలుసులతో అల్లిన గోడ ఉంటుంది. లైసోజైము ఆ గొలుసులను తెంచుతుంది. గోడ కూలగానే బాక్టీరియా పగిలిపోతుంది.

అయితే అన్ని జంతువుల కన్నీరూ ఒకటి కాదు. మన కన్నీటిలో లైసోజైము పుష్కలం. ఆవు కన్నీటిలో అతి స్వల్పం. కాని ఆ ఆవు కడుపులోనే అది దండిగా ఉంటుంది. మేతను పులియబెట్టిన బాక్టీరియాను ఆవు దానితో అరిగించుకుంటుంది. కాబట్టి ఎంజైము ఉందా, లేదా అని అడిగితే చాలదు. ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఏ క్రిమి మీద పనిచేస్తుంది అని అడగాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. లైసోజైము అన్ని క్రిములనూ చంపలేదు. కొన్ని బాక్టీరియాలకు ఆ గోడ మీద మరో పొర కాపలా ఉంటుంది. శిలీంధ్రాల, అంటే బూజుజాతి జీవుల గోడ వేరే పదార్థంతో కట్టినది. వరి కంకి, ఆకు గీసుకున్నప్పుడు గాయంలో చేరేవి తరచుగా ఈ శిలీంధ్రాలే. చనుబాలలో లైసోజైముతోపాటు క్రిములకు ఆహారమయ్యే చక్కెర ఉంది, బాక్టీరియా కూడా ఉంటుంది. పూల రసంతో కొత్త క్రిములు కంట్లో పడవచ్చు. దుకాణంలో ఇచ్చే చుక్కలలో స్టీరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గుతుంది, దానితోపాటు కంటి రక్షణశక్తీ తగ్గి శిలీంధ్రం విజృంభిస్తుంది. వైద్యులైతే పుండును కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూస్తారు. శిలీంధ్రమైతే నటామైసిన్ వంటి మందు, బాక్టీరియా అయితే యాంటీబయోటిక్ వేస్తారు. ఏ క్రిమో తెలియకుండా వేసేది మందు కాదు.

అందుచేత నా అభిప్రాయం ఒక్కటే. ఇంట్లో కంటికి తగలవలసింది శుభ్రమైన నీరు మాత్రమే. దుమ్ము పడితే నలపకుండా నీటితో కడగండి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర ఉండేవారు మరీ గుర్తుంచుకోండి. సున్నం పడితే ఆ క్షణంలోనే మొదలుపెట్టి పావుగంటకు తగ్గకుండా నీళ్లు ధారగా పోయాలి, ఆపైన ఆసుపత్రికి వెళ్లాలి. కంకి గీసుకున్నా ఆ రోజే వెళ్లాలి. పశువుల కంట్లో పొగాకు నమిలి ఉమ్మడం కూడా మాన్పించండి. వాటికీ వైద్యులున్నారు.

పూల రసం పిండిన అమ్మమ్మ ప్రేమతోనే పిండింది. ఆమెను ఎగతాళి చేయకండి. పక్కన కూర్చుని ఈ గోడల కథ చెప్పండి. నా విద్యార్థి చూపు పోగొట్టినవి ఆ పది రోజులే. మీ ఇంట్లో ఒక్కరోజు కూడా అలా పోనివ్వకండి.