ఇంజను వాళ్ళది, బాడీ మనది

బెజవాడవారికి ఆటోనగరు గురించి చెప్పబోవటం తాతకు దగ్గులు నేర్పటమే. అయినా ధైర్యం చేస్తున్నాను. ఎందుకంటే, బందరు రోడ్డున పటమట దాటుతూ బస్సు కిటికీలోంచి "అదుగో ఆటోనగర్ గేటు" అని పిల్లలకు చూపించినవారే గాని, ఆ గేటు దాటి లోపలికి వెళ్ళిన మనబోటి సంసారులు తక్కువ. కారు పాడైతే ఇంటాయన తీసుకువెళ్ళి, సాయంత్రానికి చొక్కానిండా నల్లమరకలతో తిరిగివచ్చే చోటు. ఇళ్ళల్లో తెలిసింది ఇంతవరకే.

నిజానికి అది బళ్ళకు ఆస్పత్రి మాత్రమే కాదు, పురిటిల్లు కూడా. రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటికింద చక్రాలు, ముందొక ఇంజను, ఒక స్టీరింగు. దీన్ని ఛాసిస్ అంటారు. చాలాకాలం మన దేశంలో లారీ కంపెనీలవారు ఎక్కువగా అమ్మింది దీన్నే. తలకు తువ్వాలు చుట్టి, నల్లకళ్ళద్దాలు పెట్టుకొని, పైన కప్పు లేకుండా, ఎదురుగా అద్దం లేకుండా, ఎండకూ వానకూ ఓర్చి ఆ అస్థిపంజరాన్ని హైవే మీద తోలుకుంటూ పోయే డ్రైవర్లను మీలో చాలామంది చూసే వుంటారు. ఆ బండికి ఒళ్ళు ఇచ్చేది బాడీ షెడ్డు. వడ్రంగి, కమ్మరి, వెల్డరు, సీట్లు కుట్టేవాడు, రంగులవాడు, వీళ్ళందరి చేతులూ పడితే గాని అది లారీ అనిపించుకోదు.

ఈ పని బెజవాడలో ఎందుకు పాతుకుందంటారా? మద్రాసు - కలకత్తా రోడ్డూ, హైదరాబాదు - బందరు రోడ్డూ కలుసుకునేది ఇక్కడే. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చి కృష్ణ దాటటం సులువైంది. డెల్టా బియ్యం, నూజివీడు మామిడి, కొల్లేటి చేపలు, అన్నిటికీ లారీలే కావలసివచ్చె. లారీలు పెరిగితే మెకానిక్కులు పెరుగుతారు. ఊరి మధ్య రోడ్లపక్కనే సుత్తిమోతలు మోగుతుంటే అటు జనానికీ ఇటు పనివారికీ చిక్కే. 1960లలో ఊరిచివర ఈ నగరు వెలసింది. ఇప్పుడు ఊరే దాన్ని చుట్టేసింది.

అసలు సంగతికి వస్తాను. కంపెనీవాడు ఎక్కడ పని ఆపితే ఆటోనగరు అక్కడ మొదలుపెట్టింది. ఆ ఆపే చోటు మారితే?

పెద్ద కంపెనీలు పెద్దవిగా పుట్టలేదు. 1948లో రఘునందన్ శరణ్ అనే ఆయన ఇంగ్లండు ఆస్టిన్ కార్ల భాగాలు తెప్పించి, మద్రాసు దగ్గర ఎన్నూరులో బిగించి అమ్మటానికి ఒక కంపెనీ పెట్టి, తన కొడుకు అశోక్ పేరు దానికి పెట్టుకున్నాడు. కార్లు బిగించే ఆ సంస్థ 1950లో లేలాండ్ వారితో ఒప్పందం చేసుకొని లారీల దారి పట్టింది. 1955లో పేరు అశోక్ లేలాండ్ అయింది. ఇంకొకరి కథ ఇంకా విచిత్రం. కియా అనే కొరియా కంపెనీ 1944లో ఉక్కుగొట్టాలూ, సైకిలు భాగాలూ చేసే చిన్న కార్ఖానా. కార్లదాకా ఎదిగి 1997లో దివాలా ఎత్తింది. మరుసటి ఏడు హ్యుందయ్ వారి చేతికి వెళ్ళి బతికి బట్టకట్టింది. అదే కియా 2017లో మన ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ కట్టింది. 2019లో అక్కడ కార్లు తయారవటం మొదలై, 2023 జూలై నాటికి పది లక్షలు దాటాయి. ఆ కరువుసీమలో నీళ్ళెక్కడివి అనుకుంటున్నారా? శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువ మీదుగా గొల్లపల్లి జలాశయానికి వచ్చిన కృష్ణమ్మే. అంటే మన నది అక్కడ కార్లు కూడా పండిస్తున్నదన్నమాట! పెద్ద కొట్టుకు పెద్ద బెంగ. సుమారు 900 ఇంజన్లు కనబడటం లేదని ఆ కంపెనీ 2025లో పోలీసులకు ఫిర్యాదు చేసింది. మా ఇంట్లో చెంచా పోయినా మర్నాటికి తెలుస్తుంది.

మారలేనివాడి గతి చూడాలంటే అంబాసిడర్ కారు వుంది. మంత్రులకూ, పెళ్ళికొడుకులకూ, టాక్సీలకూ అదే వాహనం. 1957 నుంచి దాదాపు అదే రూపం. 2014లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఫ్యాక్టరీ నిలిచిపోయేనాటికి దాన్ని మెచ్చుకునేవారు లక్షల్లో వున్నారు, కొనేవారే కరువు.

అశోక్ లేలాండ్ వారు ఈమధ్య మనకు బాగా దగ్గరికి వచ్చారు. హనుమాన్ జంక్షన్ దగ్గర మల్లవల్లిలో డెబ్బై అయిదు ఎకరాల్లో బస్సుల ఫ్యాక్టరీ 2025 మార్చి 19న ప్రారంభమైంది. ఛాసిస్ కాదు, బస్సు. సీట్లూ, అద్దాలూ, రంగులతో సహా. పూర్తి సామర్థ్యం ఏడాదికి 4,800 అని చెప్పారు. ఏడాదికి మూడువందల పనిదినాలు వేసుకుంటే, రోజుకు పదహారు బస్సులు.

మా వీధిలో ఒక బాడీ మేస్త్రి వున్నారు. డెబ్బై దాటాయి. ఈ లెక్క చెబితే ఆయన కాసేపు వేళ్ళమీద ఏదో లెక్క వేసుకొని, "బాబుగారూ, మా షెడ్డులో నెలకు ఒక బస్సు గేటు దాటితే ఆ నెల మాకు పండగండీ" అన్నారు.

"అయితే మీ పని అయిపోయినట్టేనా?" అన్నాను.

"అదేవిటండీ అట్టా అంటారు! ఆళ్ళ బస్సు ఒకటే అచ్చు. మా దగ్గరికొచ్చే ఓనరు, నాకు వెనకాల సామాను పెట్టె రెండు మూరలు ఎక్కువ కావాలంటాడు, ముందు సీటు కాస్త ఎత్తు లేపమంటాడు. ఆ మూర ఎవరు పెంచుతారండీ?"

మాట నిజమే. కాని ఆ మూర దగ్గరే నాకు భయం కూడా. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఒక పడకల బస్సు కాలిపోయి పందొమ్మిదిమంది ప్రయాణికులు పోయారు. ఆ బండి మొదట సీట్ల బస్సని, తరవాత పడకలు బిగించారని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఓనరు అడిగినదల్లా చేసిపెట్టటం నేర్పరితనమే. కాని రాత్రి బస్సులో మన ఆడపిల్లను ఎక్కించేటప్పుడు వెనక తలుపు తెరుచుకుంటుందా అన్న ప్రశ్నకు నేర్పరితనం జవాబు కాదు. ఈ మాట మేస్త్రిగారితోనూ అన్నాను. కోపగించుకోలేదు. "తలుపు మూసేసి పడక వెయ్యమన్నవాడికి నేను వెయ్యనని పంపించేశానండీ. పక్క షెడ్డులో వేయించుకున్నాడు" అన్నారు. ప్రభుత్వం బాడీలకు కొలతలూ పరీక్షలూ పెట్టింది అందుకే. వాటికయ్యే ఖర్చు మాత్రం పెద్ద కంపెనీకి చీమ కుట్టినట్టు, చిన్న షెడ్డుకు తేలు కుట్టినట్టు.

బాడీలకే కాదు, ఇంజన్లకూ ఇదే వరస. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళన్నీ బి.ఎస్. 6 పొగ నిబంధనకు లోబడి వస్తున్నాయి. చెవి ఆనించి ఏ వాల్వు కొట్టుకుంటున్నదో చెప్పగల పాత మెకానిక్కు కూడా ఇప్పుడు కంప్యూటరు తగిలించనిదే జబ్బు చెప్పలేడు. పెద్ద లారీలకైతే 2025 అక్టోబరు 1 తరవాత తయారైన వాటికి డ్రైవరు క్యాబిన్లో ఏసీ వుండితీరాలన్నారు. తువ్వాలు చుట్టుకొని ఎండలో వచ్చిన మనిషికి ఇది న్యాయమే. అయితే ఏసీ వుండే క్యాబిన్ చెక్కలతో కుదరదు.  అక్కడా మన వడ్రంగి పని కొంత తగ్గింది.

మేస్త్రిగారి మనవడు డిప్లొమా చదివాడు. షెడ్డులో కూర్చోబెట్టాలా, ఫ్యాక్టరీకి పంపాలా అని ఆ ఇంట్లో రెండు నెలలు గొడవ. కోడలు ఫ్యాక్టరీ అన్నది. నెలజీతం, ప్రావిడెంటు ఫండు, పెళ్ళిసంబంధాల్లో చెప్పుకోవటానికి ఒక పేరు. ఆమెను తప్పు పట్టేదెవరు? కొడుకు మాత్రం షెడ్డు అన్నాడు. కట్టిన అప్పు ఇంకా తీరలేదు, తన తరవాత తాళం ఎవరు తీస్తారని అతని దిగులు. ముసలాయన ఎటూ అనలేదట. నన్నడిగితే ఫ్యాక్టరీకే వెళ్ళమన్నాను. రెండేళ్ళు ఆ లైనులో నిలబడితే, అవతలివాడు పని ఎలా విడగొడతాడో, పరీక్షలు ఎలా చేస్తాడో చూస్తాడు. ఆ చదువు ఏ షెడ్డులోనూ దొరకదు. కుర్రాడు వెళ్ళాడు.

మొన్న ఆటోనగర్లో పనిపడి ఆ షెడ్డులోకి తొంగిచూస్తే బస్సు లేదు. కైకలూరు వైపు చేపల వ్యాపారి లారీకి చలవపెట్టె కడుతున్నారు. మంచు కరగకుండా గోడల మధ్య ఎంత మందం దట్టించాలో ఆదివారం సెలవు మీద వచ్చిన మనవడు కాగితం మీద గీస్తున్నాడు. తాత ఆ కాగితం వంక చూడకుండా, "ఆ మూలన నీరు దిగటానికి బెజ్జం ఏదిరా?" అని అడుగుతున్నారు.