గొంతు చించుకొననిచో దుఃఖము కాదా?

అమెరికా దేశమందలి బాల్టిమోరు నగరమునకు చెందిన ‘పియానోస్ బికమ్ ది టీత్’ అను వాద్యబృందము 2014 అక్టోబరులో ‘కీప్ యూ’ అను తన మూడవ సంపుటమును వెలువరించినప్పుడు, అంతవరకు ఆ బృందమును ప్రాణప్రదముగా నెంచుకొనిన శ్రోతలలో పలువురు నొచ్చుకొనిరి. ఆ సంపుటములో ఆద్యంతము గాయకుడు పాడెనే గాని అరవలేదు. అరవకపోవుట అపరాధ మెట్లగునని మన పాఠకులకు ఆశ్చర్యము కలుగవచ్చును. కాని ఆ బృందము పుట్టి పెరిగిన సంప్రదాయమునకు అరపే ఊపిరి.

‘స్క్రీమో’ అని వ్యవహరింపబడు ఈ సంప్రదాయము 1990 దశకపు తొలినాళ్లలో, కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్ డియాగో ప్రాంతమున, హార్డ్‌కోర్ పంక్ సంగీతము నుండి చీలి రూపొందినది. ఉన్నట్టుండి ఉరికి ఉన్నట్టుండి నిలిచిపోవు లయ, శ్రావ్యతను బుద్ధిపూర్వకముగా ధిక్కరించు గిటారులు, వానిపై గొంతు చించుకొని ఆక్రోశించు గాయకుడు—ఇవి దాని లక్షణములు. ఇండ్ల నేలమాళిగలలోను, ఇరుకు గదులలోను, ఎత్తైన వేదిక యనునది లేకయే కచేరీలు సాగును. శ్రోతలు గాయకునిపై విరుచుకుపడి, మైకు తమవైపు లాగికొని, అతనితోపాటు తామును అరతురు. పెద్ద కంపెనీల ప్రాపకము నాశింపకుండుట వారికొక వ్రతము. కావున ఇట్టి బృందము రాగమువైపు మొగ్గుట తడవుగా ‘అమ్ముడుపోయినారు’ అను నింద సిద్ధముగా నుండును. ‘కీప్ యూ’ను ఎపిటాఫ్ సంస్థ వెలువరించుటతో ఆ అనుమానమునకు ఆజ్యము పోసినట్లయినది. ఆ ఎపిటాఫ్ మాత్రము పంక్ వాద్యకుడొకడు నెలకొల్పిన స్వతంత్ర సంస్థయే; అనుమానమున కంతటి విచక్షణ అక్కరలేదు కాబోలు.

ఈ నింద యెంత తేలికదో తెలియవలెనన్నచో ఆ పాటల వెనుకనున్న కథ తెలియవలెను. గాయకుడు కైల్ డర్ఫీ తండ్రి మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నాడీవ్యాధికి లోనై మరణించెను. 2009 నాటి ‘ఓల్డ్ ప్రైడ్’ సంపుటముపై ఆ వ్యాధి నీడ పరచుకొనియున్నది. 2011 నాటి ‘ది లాక్ లాంగ్ ఆఫ్టర్’ సంపుటము ఆ మృత్యువునకు ఎదురుగా నిలిచి పలికినది. ఈ రెండవదానిలో గాయకుని కంఠము మాటలను ఉచ్చరింపదు, వెలిగ్రక్కును. ఊపిరి చాలక పాదాంతములు తెగిపోవుచుండగా, ఆ తెగిపోవుటయే అర్థముగా మన చెవికి చేరును. అటుపై మూడేండ్లకు వచ్చిన ‘కీప్ యూ’లోను ఆ తండ్రియే, ఆ లోటే, కాలము మాత్రము వేరు. పరామర్శకు వచ్చినవారందరును వెళ్లిపోయిన తరువాత, ఇంటిలో మిగిలిన వస్తువులను ఏమి చేయవలెనో తోచక, చనిపోయినవారి మాటతీరు క్రమముగా మరపునకు వచ్చుచున్నదని భయపడు కాలమది. ఆ కాలమున మనుష్యుడు అరవడు. అరచినచో అది నటన యగును.

ఈ మార్పు ఒక్క రాత్రిలో వచ్చినది కాదు. 2013లో ‘టుషే అమోరే’ అను మిత్రబృందముతో కలిసి వెలువరించిన చిన్న రికార్డులో ‘హైడింగ్’ అను పాటయందే డర్ఫీ అరపును విడిచి పాడజూచెను. గిటారులు అంతకు పూర్వమే పోస్ట్-రాక్ అనబడు విలంబిత పద్ధతికి అలవడియుండెను. ‘కీప్ యూ’లో వాద్యములన్నియు మెత్తబడినవని యనుకొనుట కూడ పొరపాటే. డేవిడ్ హేక్ డ్రమ్ములను ప్రత్యేకించి వినవలెను: పైన గళము నెమ్మదిగా నడచుచుండగా, క్రింద ఆ చేతులు క్షణమైనను కుదురుగా నుండక చిన్న చిన్న దెబ్బలతో పరుగెత్తుచునే యుండును. చివరి పాటయైన ‘సే నథింగ్’లో గాయకుడు గొంతెత్తవలసిన ఘట్టము వచ్చినదని మనము ఎదురుచూతుము, అతడు ఎత్తడు, వాద్యములే ఉప్పొంగి ఆ పని నిర్వర్తించును. గొంతు నుండి తొలగించిన కల్లోలము తాళములోనికి దిగిపోయినదని నాకు తోచును.

ఇందు గాయకుడు పొందినదానికంటె పోగొట్టుకొనిన రక్షణ యెక్కువ. అరపులో మాటలు వినబడవు. రికార్డు అట్టపై అచ్చువేసిన సాహిత్యమును చదువుకొనిన వారికే అవి అందును. ఆ మరుగున కొంత చేవలేని పంక్తి కూడ గంభీరముగా చెల్లిపోవును. పాడినప్పుడో, ప్రతి మాటయు తేటతెల్లముగా చెవిని పడును. బలహీనమైన మాటకు దాగుకొన చోటుండదు. పైగా డర్ఫీది గొప్ప గాత్రము కాదు. దాని పరిధి స్వల్పము, పై స్వరములలో కొంత వణకు. ధనాశతో మారదలచినవాడు ఇంతటి సామాన్య గాత్రమును నడివీధిలో నిలబెట్టి, ఉన్న శ్రోతలను దూరము చేసికొనునా?

అయినను, ఈ బృందమును పొగడు విమర్శకులలో ఒక తెగవారు పలుకు ‘పరిణతి’ యను మాట నిందకంటెను నాకు రుచింపదు. అరపు బాల్యము, రాగము ప్రౌఢిమ అను ఈ లెక్క ఎవరు కట్టినది? అరచుటయు అభ్యాసమును కోరు విద్యయే. తెలియక అరచువాడు కొలది రోజులలో గొంతు పోగొట్టుకొనును. టుషే అమోరే గాయకుడు జెరెమీ బోల్మ్ తల్లి 2014లో క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను. ఆ దుఃఖముతో 2016లో వెలువడిన ‘స్టేజ్ ఫోర్’ సంపుటములో అతడు అక్కడక్కడ పాడినను, చాలవరకు అరచుచునే యున్నాడు. ఆ ఎపిటాఫ్ సంస్థయే, ఆ తరమే, అట్టి మృత్యువే; మార్గము మాత్రము భిన్నము. ఇరువురిలో ఒకడు ఎదిగినాడనియు రెండవవాడు ఎదుగలేదనియు చెప్పుటకు సాహసింపగలవా రెవరు? కరుణ మొక్కటియే నిమిత్తభేదముచేత పలురూపులు దాల్చునని భావించిన సంస్కృత నాటకకర్త భవభూతి వీరిద్దరిని ఒక పంక్తినే కూర్చుండబెట్టియుండును.

కనుక అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఎంచుకొనిన గొంతు, చెప్పదలచిన విషయమును మోయగలుగుచున్నదా? ‘కీప్ యూ’ విషయమున మోసినదని నా నిశ్చితాభిప్రాయము. 2018 నాటి ‘వెయిట్ ఫర్ లవ్’ గురించి అంత గట్టిగా చెప్పజాలను. అప్పటికి డర్ఫీ తానే తండ్రియైనాడు. దాంపత్యము, శిశువు, ఇల్లు పాటలలోనికి వచ్చినవి. విషయము మధురమైనదే, కాని అందు కొన్ని పాటలలో మాధుర్యము అలవాటుగా మారి, ఒకదాని రాగము మరియొకదానిలో కలిసిపోవుచున్నది. అలిగిపోయిన పాతశ్రోతల ఫిర్యాదులో నిజము పాలు ఏమైనను ఉన్నచో అది ఇక్కడ నున్నది, 2014లో కాదు. 2022 నాటి ‘డ్రిఫ్ట్’లో మరల కొంత మసక, కొంత అశాంతి చేరి మేలు చేసినవి.

ఈ బృందమును ఎన్నడును వినని పాఠకులకు ఒక విన్నపము. అరపునకు జడిసి నేరుగా ‘కీప్ యూ’తో మొదలుపెట్టకుడు. ముందుగా ‘ది లాక్ లాంగ్ ఆఫ్టర్’ను, చెవులకు ఎంత కష్టముగా నున్నను, సాహిత్యము ఎదుట నుంచుకొని ఒక్కసారి పూర్తిగా వినుడు, ‘కీప్ యూ’ను ఆ మరునాడు వినవచ్చును.