మీటరుకు చిక్కని చక్కెర

క్యాన్ నీళ్ల ప్లాంటువాళ్లు, ఫిల్టర్ల ఏజెంట్లు పెన్నులాంటి మీటరు ముంచి చూపించే టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం ఘనపదార్థాల) అంకెను నీటి నాణ్యతకు పూచీగా నమ్మడం మానుకోవాలి. ఆ మీటరు నీళ్లలో ఏముందో చూడదు. రెండు లోహపు మొనల మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతోందో కొలిచి, ఆ విలువను సాధారణంగా 0.5-0.7 మధ్య ఉండే గుణకంతో హెచ్చవేసి అంకె చూపిస్తుంది. 25 డిగ్రీల వద్ద అతిశుద్ధమైన నీటి వాహకత సెంటీమీటరుకు 0.055 మైక్రోసీమెన్స్; సముద్రపు నీటిది దాదాపు 50,000. తేడా అంతా అయాన్లది. ఉప్పు కరిగితే ఆవేశమున్న సోడియం, క్లోరైడ్ కణాలుగా, అంటే అయాన్లుగా, విడిపోయి కరెంటును మోస్తుంది. చక్కెరా కరుగుతుంది గానీ అలా విడిపోదు.

గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన చోడవరం ప్రాంతానికి ఇది దగ్గరి ముచ్చటే. చక్కెర మిల్లుల్లో ఆవిరి చల్లబడగా వచ్చిన నీటిని మళ్లీ బాయిలర్‌కు పంపేముందు చక్కెర జాడ కోసం ఆల్ఫా నాఫ్తాల్ అనే రసాయనంతో పరీక్షిస్తారు. వాహకతను నమ్ముకుంటే చక్కెర దొరకదు, బాయిలర్ దెబ్బతింటుంది. బాయిలర్‌కున్న ఆ పాటి రక్షణ మనిషి కడుపుకు లేకపోవడం విడ్డూరం. చాలా పురుగుమందులదీ, రోగాలు తెచ్చే సూక్ష్మజీవులదీ చక్కెర దారే: అంకెను కదిలించవు. ఫ్లోరైడ్ అయానే. అయినా అది గరిష్ఠ పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు చేరినా, పెంచే వాహకత పది మైక్రోసీమెన్స్ లోపే. వందల్లో ఉండే బోరు నీటి అంకెలో దాన్ని ఎవరు పసిగట్టగలరు? ఇక నీళ్లలో ఇనుప కడ్డీలు పెట్టి, కుళాయి నీరు గోధుమరంగుకు తిరగడం చూపించే ప్రదర్శన శుద్ధ గారడీ. ఆ రంగు కడ్డీల నుంచి ఊడిన ఇనుముది. ఆర్వో ఫిల్టరు నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి చూపించమనండి, అవీ అలాగే రంగు మారతాయి.

మీటరు చౌక, ఫలితం క్షణంలో వస్తుంది, ప్రయోగశాల పల్లెకు దూరం అంటారు. నిజమే. తీరప్రాంతపు బోర్లలోకి ఉప్పునీరు చొరబడుతోందా, ఆర్వో పొర పాడైందా అన్నది తెలుసుకోవడానికి అది మంచి సాధనం. అంకె ఉన్నట్టుండి పెరిగితే కారణం వెతకాల్సిందే. తగ్గితే నిశ్చింతగా తాగొచ్చనడమే తప్పు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్న చోట ఆర్వో వద్దన్నది నీటి వృథాను ఆపాలనే. ఆ ఉద్దేశం సబబే. కానీ 500 లోపు నీళ్లలోనూ నైట్రేట్, ఆర్సెనిక్ పరిమితి దాటి ఉండొచ్చు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెలకిచ్చే టెస్ట్ కిట్లతో ఫ్లోరైడ్, నైట్రేట్, సూక్ష్మజీవుల జాడ ఊళ్లోనే చూడొచ్చు. ఆ ఫలితాలను తేదీతో సహా ప్రతి ప్లాంటు గోడ మీదా రాయించాలని పంచాయతీలు పట్టుబట్టాలి, టీడీఎస్ అంకె ఎంత ఉన్నా సరే.